మాట చెల్లించిన మేయరు

1920వ సంవత్సరము అక్టోబరు 25వ తేదీ, సోమవారము. ఇంకను తెల్లవారలేదు. లండన్ నగరములోని బ్రిక్స్‌టన్ చెరసాలలో ఒక ఖైదీ ప్రాణములు విడిచినాడు. ఆయన దొంగ కాడు, దోపిడీదారు కాడు. ఐర్లండు దేశపు దక్షిణ భాగమున, లీ నది ఒడ్డున వెలసిన కార్క్ నగరమునకు లార్డ్ మేయరు. ఆ నగరపు ప్రథమ పౌరుడు. పేరు టెరెన్స్ మాక్‌స్వీనీ. వయస్సు 41 సంవత్సరములు. ఆయన ఆహారము ముట్టక అప్పటికి 74 దినములైనది. ఆ రెండున్నర నెలలును ఐరోపా, అమెరికా ఖండముల పత్రికలు ఆయన దినదిన క్షీణతను ప్రచురించుచు వచ్చినవి.

మాక్‌స్వీనీ అనగానే లోకమునకు జ్ఞాపకము వచ్చునది ఆ 74 దినములే. కాని అవి ఒక్కనాటి ఆవేశము వలన పుట్టినవి కావు. వాని వెనుక కవి కాగోరిన ఒక గుమాస్తా జీవితమున్నది. ఒకనాడు ఆయుధము చేపట్టియు దింపవలసి వచ్చిన సైనికుని వేదన ఉన్నది. తాను పలికిన మాటకు తానే జామీనుగా నిలువవలెనను పట్టుదల ఉన్నది. ఆ జీవితమును మొదటినుండి చూచిననే గాని ఆ మరణము అర్థము కాదు.

బాల్యము - విద్య

మాక్‌స్వీనీ 1879 మార్చి 28వ తేదీన కార్క్ నగరములో జన్మించినాడు. తండ్రి జాన్ మాక్‌స్వీనీ పొగాకు వ్యాపారము చేసి నష్టపోయినాడు. అప్పుల బాధ పడలేక 1885లో భార్యాబిడ్డలను కార్క్‌లోనే విడిచి ఆస్ట్రేలియాకు వలసపోయినాడు. మరల తిరిగి రాలేదు. 1895లో మెల్బోర్న్ నగరములో మరణించినాడు. తండ్రి ఓడ ఎక్కునాటికి టెరెన్స్ ఆరేండ్లవాడు. తల్లి మేరీ విల్కిన్సన్ ఇంగ్లండులో పుట్టిన కెథొలిక్కు వనిత. ఇంగ్లీషు తల్లి కడుపున పుట్టిన బిడ్డలే ఇంగ్లీషు ప్రభుత్వమునకు కంటిలో నలుసులగుట విధి వైచిత్ర్యము. ఆ తల్లి పట్టుదలతో బిడ్డలను పెంచి పెద్దచేసినది. పెద్దకూతురు మేరీ ఉపాధ్యాయిని అయి సంసార భారమునకు భుజము పట్టినది. తమ్మునిపై ఆ అక్క ప్రభావము కడవరకును తగ్గలేదు.

క్రిస్టియన్ బ్రదర్స్ వారి పాఠశాలలో చదువుచుండిన టెరెన్స్, ఇంటి పరిస్థితి వలన 15వ ఏట చదువు మాని ఒక పెద్ద వర్తక సంస్థలో గుమాస్తాగా చేరినాడు. పగలంతయు జమాఖర్చులు, తెల్లవారకముందే లేచి గ్రంథపఠనము. ఈ విధముగా ఏండ్ల తరబడి శ్రమించి, 1907లో రాయల్ విశ్వవిద్యాలయమునుండి తత్త్వశాస్త్రములో పట్టము పొందినాడు. పదమూడేండ్లు గుమాస్తా బల్లవద్ద కూర్చుండి సంపాదించిన పట్టమది. నిద్రను, విశ్రాంతిని, వినోదమును ఒకదాని తరువాత నొకటిగా వదలుకొనుట ఆయన అప్పుడే నేర్చినాడు. కడపట ఆహారమును వదలుకొన్నవాని తొలి అభ్యాసము అదియే అనవచ్చును.

కలము పట్టిన కాలము

ఆనాటి ఐర్లండులో రాజకీయములకంటె ముందు మేలుకొన్నది భాష. ఇంగ్లీషు పాలనలో అడుగంటిన ఐరిష్ భాషను బ్రదికింపవలెనని గేలిక్ లీగు వారు ఊరూర పాఠశాలలు పెట్టుచుండిరి. పురాతన వీరగాథలను కవులు తవ్వి తీయుచుండిరి. మాక్‌స్వీనీ ఈ గాలిలోనే పెరిగినాడు. 1901లో మిత్రులతో కలిసి కార్క్‌లో కెల్టిక్ సాహిత్య సంఘమును స్థాపించినాడు. 1908లో డానియల్ కార్కరీ అను ప్రసిద్ధ రచయితతో కలిసి కార్క్ నాటక సమాజమును నెలకొల్పినాడు. కవితలు వ్రాసినాడు, నాటకములు వ్రాసినాడు.

గొప్ప కవి అని ఆయనను విమర్శకులు ఒప్పుకొనలేదు. ఒప్పుకొనుట కష్టము కూడ. ఆ రచనలలో రసముకంటె ఉపదేశము హెచ్చు. అయినను 1914లో అచ్చయిన ‘ది రివల్యూషనిస్ట్’ అను నాటకమును మాత్రము విడిచిపెట్టుటకు వీలులేదు. అందలి నాయకుడు రణరంగమున కూలిన వీరుడు కాడు. చుట్టునున్నవారు నిరుత్సాహపడినను తాను మానక, ఒంటరిగా పనిచేసి చేసి శరీరము శుష్కించి మరణించిన దేశభక్తుడు. తన అంత్యకాలమును మాక్‌స్వీనీ ఆరేండ్లు ముందుగానే వ్రాసికొన్నట్లున్నది. ఆ నాటకము డబ్లిన్‌లోని ఆబీ రంగస్థలముపై ప్రదర్శింపబడినది 1921లో. అప్పటికి రచయిత సమాధిలో నున్నాడు.

1911 ప్రాంతమున ఆయన గుమాస్తాగిరి మాని, కార్క్ జిల్లాలోని పల్లె పట్టణములందు వాణిజ్యశాస్త్రము బోధించు ఉపాధ్యాయుడైనాడు. సైకిలుపై ఊరినుండి ఊరికి తిరిగెడివాడు. ఈ కాలముననే ‘ఐరిష్ ఫ్రీడమ్’ పత్రికలో వరుసగా వ్యాసములు వ్రాసినాడు. అవియే తరువాత ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ ఫ్రీడమ్’ అను గ్రంథముగా 1921లో వెలువడినవి. స్వాతంత్ర్యము వలన కలుగు ధనలాభము కొరకు కాక, ఆత్మగౌరవము కొరకు స్వాతంత్ర్యమును కోరవలెనని అందు వాదించినాడు. మంచి గమ్యమునకు చెడ్డదారిన పోరాదనియు, కళంకముతో గెలిచిన గెలుపు ఓటమికంటె హీనమనియు వ్రాసినాడు. ఇంగ్లీషు జాతిపై ద్వేషము పెంచుకొనవలదనియు, విడిపోయిన పిమ్మట ఆ జాతితో నిజమైన స్నేహము సాధ్యమగుననియు నమ్మినాడు. దేశసేవకుడు ముందుగా తనతో తాను సత్యముగా మెలగవలెను. ఈ ఒక్క భావము ఆ వ్యాసములన్నిటికిని ప్రాణము. ఇట్టి మాటలు వ్రాయుట సులభము. వ్రాసినవానిని ఆ మాటలు ఏనాడో ఒకనాడు నిలవేసి అడుగును.

ఈస్టరు పరాభవము

1913లో ఐరిష్ వాలంటీరు దళములు ఏర్పడినవి. కార్క్ దళమునకు టోమాస్ మాక్‌కర్టెన్ నాయకుడు. మాక్‌స్వీనీ అతనికి కుడిభుజము. ఇద్దరును ప్రాణమిత్రులు. 1914లో ప్రపంచ యుద్ధము మొదలైనప్పుడు, ఐరిష్ యువకులు ఇంగ్లండు పక్షమున పోరాడవలెనా అను ప్రశ్నపై దళములు రెండుగా చీలినవి. పోరాడరాదను పక్షమును బలపరచుటకు మాక్‌స్వీనీ ‘ఫియన్న ఫాల్’ అను వారపత్రిక నడపినాడు. పత్రిక ఖర్చులకై ఏండ్ల తరబడి కూడబెట్టిన తన గ్రంథాలయమును అమ్ముకొన్నాడు. 11 సంచికలు వెలువడినంతనే ప్రభుత్వము దానిని అణచివేసినది. 1915లో ఉద్యోగము కూడ మాని, పూర్తికాలము దళముల నిర్మాణమునకే అంకితమైనాడు.

1916 ఈస్టరు పండుగనాడు ఐర్లండు అంతటను తిరుగుబాటు జరుగవలెనని రహస్య నిర్ణయము. జర్మనీనుండి ఆయుధములు తెచ్చుచుండిన ఓడ బ్రిటిషు నౌకలకు చిక్కి కార్క్ రేవు సమీపమున మునిగినది. వాలంటీర్ల ప్రధానాధ్యక్షుడు ఇయోన్ మాక్‌నీల్ కడసారి క్షణములో తిరుగుబాటును రద్దుచేసి ఉత్తరువు పంపినాడు. డబ్లిన్‌నుండి ఒకదాని కొకటి పొసగని ఆజ్ఞలు వరుసగా వచ్చినవి. ఈస్టరు ఆదివారము వర్షములో బయలుదేరిన కార్క్ దళములు తిరిగి ఇండ్లకు చేరినవి. మరునాడు డబ్లిన్‌లో తుపాకులు మ్రోగినవి. కార్క్‌లో మాక్‌కర్టెన్, మాక్‌స్వీనీలు తమ కార్యాలయములోనే కొలది మందితో చిక్కుకొన్నారు. ఎదుట బ్రిటిషు ఫిరంగులు. నగర మేయరు, సహాయ బిషపు మధ్యవర్తులై వచ్చినారు. నగరమును మంటల పాలు చేయవలదని వేడుకొన్నారు. చివరకు తుపాకులు మేయరు స్వాధీనము చేయుటకు నాయకులు సమ్మతించినారు.

డబ్లిన్‌లో తిరుగుబాటు చేసినవారు వారము దినములు పోరాడి లొంగిపోయినారు. వారి నాయకులను ప్రభుత్వము కాల్చి చంపినది. కార్క్ నాయకులు బ్రదికియుండిరి. వాలంటీర్ల సంస్థ విచారణ జరిపి, ఆ పరిస్థితులలో కార్క్ వారు చేయగలిగినది వేరొకటి లేదని తేల్చినది. లోకము తప్పు పట్టకపోయినను మనస్సు ఊరకుండునా? తోటివారు గోడకు ఆనించి కాల్చబడుచుండగా, తాము తుపాకులు అప్పగించి ఇంటికి పోయితిమన్న తలంపు మాక్‌స్వీనీని విడువలేదు. ఆ తరువాతి నాలుగేండ్ల జీవితమును ఈ బాకీ తీర్చు ప్రయత్నముగా చూచినవారు పలువురు.

వివాహము

1916 మొదలు ఆయన జీవితము చెరసాలలకును ప్రవాసములకును నడుమ సాగినది. వేల్సులోని ఫ్రాంగాక్ శిబిరము, ఇంగ్లండులోని రెడింగ్ జైలు, పిమ్మట బ్రోమ్‌యార్డ్ అను పల్లెటూరిలో నిర్బంధ ప్రవాసము. ఆ పల్లెలోనే 1917 జూన్ 9వ తేదీన మ్యూరియల్ మర్ఫీతో ఆయన వివాహము జరిగినది. ఆమె కార్క్‌లోని మద్య పరిశ్రమాధిపతుల ఇంటి ఆడపడుచు. పుట్టింటివారికి ఈ సంబంధము ఇష్టము లేదు. బీదవాడు, ఖైదీ, తమ కుమార్తెకంటె 13 ఏండ్లు పెద్దవాడు. ఆమె వారి మాట వినలేదు. పెండ్లి మంత్రములు ఐరిష్ భాషలో చదువబడినవి. వరుడు వాలంటీరు దుస్తులు ధరించినాడు.

1918 జూన్‌లో వారికి మారే అను కుమార్తె కలిగినది. అప్పుడును తండ్రి చెరలోనే ఉన్నాడు. తల్లి ఆ పసికందును బెల్‌ఫాస్ట్ జైలుకు ఎత్తుకొనిపోయి చూపినది. అదే సంవత్సరము చివర జరిగిన ఎన్నికలలో మాక్‌స్వీనీ మధ్య కార్క్ నియోజకవర్గమునుండి పోటీ లేకుండ ఎన్నికైనాడు. ఎన్నికైన సిన్‌ఫీన్ సభ్యులు లండన్ పార్లమెంటుకు పోక, 1919 జనవరిలో డబ్లిన్‌లోనే తమ శాసనసభను సమావేశపరచి ఐర్లండు స్వతంత్ర రిపబ్లిక్కని ప్రకటించినారు. అప్పటినుండి ఆ దేశములో రెండు ప్రభుత్వములు. ఒకదానికి సైన్యము, జైళ్లు ఉన్నవి. రెండవదానికి ప్రజల ఓట్లున్నవి.

మిత్రుని కుర్చీ

1920 జనవరి పురపాలక ఎన్నికలలో కార్క్ నగరము సిన్‌ఫీన్ పక్షము వశమైనది. మాక్‌కర్టెన్ లార్డ్ మేయరుగా ఎన్నికైనాడు. అతని పదవి రెండు నెలలు కూడ నిలువలేదు. మార్చి 20వ తేదీ తెల్లవారుజామున ముఖములకు మసి పూసికొన్న మనుష్యులు అతని ఇంటిలో చొరబడి, భార్యాబిడ్డలున్న ఇంటిలోనే అతనిని కాల్చి చంపినారు. ఆనాడు అతని 36వ జన్మదినము. మరణ విచారణ జరిపిన పంచాయతీదారులు హంతకులు పోలీసులేయని నిశ్చయించినారు. అంతతో ఆగక బ్రిటిషు ప్రధానమంత్రి లాయిడ్ జార్జిని సైతము హత్యానేరమునకు బాధ్యునిగా పేర్కొన్నారు.

ఆ రక్తసిక్తమైన కుర్చీలో ఎవరు కూర్చుండవలెను? మార్చి 30వ తేదీన పురపాలక సంఘము మాక్‌స్వీనీని ఎన్నుకొన్నది. మిత్రుని స్థానమును అలంకరించుట గౌరవము కాదు, మృత్యువునకు ఎదురేగుట అని ఎన్నుకొన్నవారికిని తెలియును, ఎన్నికైనవానికిని తెలియును. ఆనాటి తన ప్రసంగములో ఆయన ఒక సంగతి చెప్పినాడు. ఈ పోరాటములో జయము ఎక్కువ బాధ పెట్టగలవారిది కాదనియు, ఎక్కువ బాధ ఓర్వగలవారిదనియు దాని సారాంశము. పలుచోట్ల ఉదహరింపబడిన ఆ ప్రసంగపు ప్రతియే అయిదు నెలల పిమ్మట ఆయనపై నేరారోపణకు ఒక ఆధారమైనది.

ఇచ్చట ఒక నిజమును దాచరాదు. మాక్‌స్వీనీ అహింసావాది కాడు. మాక్‌కర్టెన్ అనంతరము మేయరు పదవితో పాటు కార్క్ ఒకటవ బ్రిగేడు నాయకత్వమును కూడ ఆయనయే వహించినాడు. ఆ సంవత్సరము వాలంటీర్ల తుపాకులకు పోలీసులు, సైనికులు పలువురు బలియైనారు. పగలు నగర పాలన, రాత్రి సైనిక మంతనములు. ఒక్క ఇంట వరుసగా రెండు రాత్రులు నిదురించుట అరుదు. భార్యాబిడ్డలను చూచుటకు కూడ దొంగచాటుగా పోవలసి వచ్చెడిది.

పట్టుబడుట

1920 ఆగస్టు 12వ తేదీ సాయంకాలము సైనికులు కార్క్ నగరపాలక భవనమును చుట్టుముట్టినారు. మేయరును, మరికొందరిని పట్టుకొన్నారు. పోలీసుల రహస్య లిపికి సంబంధించిన తాళపు పత్రము, పురపాలక సంఘము ఐరిష్ శాసనసభకు విధేయత తెలిపిన తీర్మానపు ప్రతి, ఎన్నికనాటి ప్రసంగపు ప్రతి దొరికినవి. నాలుగు దినముల పిమ్మట సైనిక న్యాయస్థానము విచారణ జరిపినది. మాక్‌స్వీనీ ఆ న్యాయస్థానపు అధికారమును అంగీకరింపలేదు. నగర ప్రధాన న్యాయాధికారి తానే కనుక రహస్య లిపిని తన యొద్ద ఉంచుకొను హక్కు తనకే కలదనియు, తన అనుమతి లేక దానిని ఉంచుకొన్నవారే నేరస్థులనియు వాదించినాడు. రెండేండ్ల శిక్ష విధించినారు. తన శిక్షాకాలమును తానే నిర్ణయించుకొంటిననియు, నెల తిరుగులోపల జీవించియో మరణించియో స్వతంత్రుడనగుదుననియు ఆయన బదులు చెప్పినాడు. అప్పటికే ఆయన ఆహారము మాని నాలుగు దినములైనది. నెల అని ఆయన అనుకొన్నది 74 దినములగునని ఎవరు ఊహింపగలరు?

ఆయనను నౌకలో ఇంగ్లండుకు తరలించి బ్రిక్స్‌టన్ జైలులో ఉంచినారు. కార్క్ జైలులో మరికొందరు ఖైదీలు అంతకుముందు దినముననే, అనగా ఆగస్టు 11వ తేదీననే, నిరాహార దీక్ష ప్రారంభించియుండిరి. మేయరు వారితో చేరినాడు. వారిని విడిచి తాను మాత్రము విరమింపడు.

ఉపవాసము ఐర్లండుకు కొత్త కాదు. పూర్వకాలపు ఐరిష్ ధర్మశాస్త్రములలో, బాకీ చెల్లింపని బలవంతుని గడపయందు బాకీ రావలసినవాడు ఉపవాసముండు ఆచారము కలదు. మన దేశములో అప్పులవాని వాకిట ధర్నా కూర్చుండుట వంటిదే అది. ఉపవాసికి సమాధానము చెప్పక తాను భుజించిన బలవంతునికి అపకీర్తి తప్పదు. మాక్‌స్వీనీ సామ్రాజ్యపు గడపయందు కూర్చుండినాడు. బాకీ ఏమనగా ఒక జాతి స్వాతంత్ర్యము.

74 దినములు

ప్రభుత్వము ఎందులకు విడువలేదు? 1920 ఏప్రిల్‌లో డబ్లిన్‌లోని మౌంట్‌జాయ్ జైలులో ఖైదీలు మూకుమ్మడిగా ఉపవాసము చేయగా, కార్మికుల సమ్మెకు వెరచి ప్రభుత్వము వారిని విడిచిపెట్టినది. మరల లొంగినచో ఇక ఏ జైలు తలుపును నిలువదని మంత్రుల భయము. దయ చూపుట మేలని అయిదవ జార్జి చక్రవర్తి భావించినను లాయిడ్ జార్జి మంత్రివర్గము వినలేదు. బలవంతముగా ఆహారము పోయుదమన్నచో, 1917లో థామస్ ఆష్ అను ఖైదీ ఆ ప్రయత్నములోనే మరణించినాడు. కనుక చూచుచు కూర్చుండుట ఒక్కటియే మిగిలినది. న్యూయార్క్ రేవులో కార్మికులు బ్రిటిషు ఓడలలో పనిచేయుట మానినారు. రోమునకు, లండనుకు విన్నపములు వెల్లువెత్తినవి. రహస్యముగా ఆహారము అందుచున్నదని కొన్ని ఇంగ్లీషు పత్రికలు పుకార్లు పుట్టించినవి.

జైలు గదిలో మాత్రము అంతయు నిశ్శబ్దము. భార్య మ్యూరియల్, అక్క మేరీ, చెల్లెలు ఆనీ, సోదరులు షాన్, పీటర్ వంతులవారిగా మంచము ప్రక్క కూర్చుండెడివారు. కపూచిన్ మఠమునకు చెందిన ఫాదర్ డొమినిక్ నిత్యము ప్రార్థన జరిపి ప్రసాదమిచ్చెడివాడు. శరీరము ఎముకల గూడైనది. సన్నని పక్క దుప్పటి బరువు కూడ బాధించు స్థితి. తెలివి మాత్రము కడపటి వారము వరకును చెడలేదు.

ఇది ఆత్మహత్య కాదా అను ప్రశ్న ఆనాడే పుట్టినది. మాక్‌స్వీనీ నిష్ఠాపరుడైన కెథొలిక్కు. ఆత్మహత్య ఆ మతమున మహాపాపము. మతాచార్యులు పత్రికలలో ఇరువైపుల వాదించుకొన్నారు. ఆయన మనస్సులో మాత్రము సందేహము లేదు. తాను చావు కోరలేదు. తలుపు తెరచిననాడే ఆహారము తీసికొనును. తాళపుచెవి ఉన్నది ప్రభుత్వము చేతిలో. మరణమును కోరుట వేరు, మరణము వచ్చినను మాట విడువకుండుట వేరు. ఈ సూక్ష్మమైన భేదమే ఆయన ధర్మమునకు ఆధారము. దానిని అంగీకరింపనివారు నేటికిని ఉన్నారు. వారి ప్రశ్నయు చిన్నది కాదు. రెండేండ్ల బిడ్డ గల తండ్రికి తన ప్రాణముపై అంతటి అధికారము కలదా? తాను ఆరేండ్లప్పుడు తండ్రిని పోగొట్టుకొన్న బాధ ఎరిగినవాడే, తన బిడ్డకు అంతకంటె చిన్న వయస్సున అదే బాధను మిగిల్చినాడు. ఆయన ఎరుగక చేసినది కాదు. దేశము అడిగిన వెలలో ఇది అన్నిటికంటె భారమైన భాగమని గ్రహించియే చెల్లించినాడు.

అక్టోబరు మూడవ వారములో స్పృహ తప్పుట ప్రారంభమైనది. స్పృహ లేని సమయమున జైలు వైద్యులు చెంచాతో మాంసరసము పోసినారు. తెలివి వచ్చినప్పుడెల్ల ఆయన దానిని ప్రతిఘటించినాడు. అక్కచెల్లెండ్రను కడపటి దినములలో లోనికి పోనీయలేదు. 25వ తేదీ తెల్లవారుజామున 5 గంటల 40 నిమిషములకు, తమ్ముడు షాన్, ఫాదర్ డొమినిక్ ప్రక్కనుండగా ఆయన చెర ముగిసినది.

కార్క్ జైలులో ఇద్దరు సహచరులు కూడ ఇదే త్రోవలో పోయినారు. మైకేల్ ఫిట్జ్‌జెరాల్డ్ అక్టోబరు 17వ తేదీన, జోసెఫ్ మర్ఫీ మేయరు మరణించిన దినముననే కన్నుమూసినారు. లోకము చూపు అంతయు బ్రిక్స్‌టన్‌పై ఉండుట వలన వారి పేర్లు అంతగా వినబడలేదు. మిగిలిన తొమ్మిదిమందిచేత నాయకుడు ఆర్థర్ గ్రిఫిత్ నవంబరు 12వ తేదీన, 94వ దినమున, దీక్ష విరమింపజేసినాడు.

అంతిమ యాత్ర

మరణ విచారణలో భర్త వృత్తి ఏమని మ్యూరియల్‌ను అడిగినారు. గుమాస్తా అనియు ఆమె చెప్పలేదు, మేయరు అనియు చెప్పలేదు. ఐర్లండు సైన్యములో వాలంటీరు అని చెప్పినది. లండన్‌లోని సదర్క్ దేవాలయములో శవపేటికను ఉంచగా వేలకొలది జనులు బారులు తీరి దర్శించినారు. శవయాత్ర డబ్లిన్ మీదుగా సాగవలెనని బంధువుల కోరిక. డబ్లిన్ వీధులలో ఆ శవపేటిక కదలినచో ఏమగునో యని ప్రభుత్వము బెదరినది. హోలీహెడ్ రేవులో బంధువుల చేతులనుండి దానిని బలవంతముగా తీసికొని వేరొక నౌకలో నేరుగా కార్క్‌కు పంపినది. డబ్లిన్ జనులు శవము లేకయే సంతాపము జరుపుకొన్నారు. అక్టోబరు 31వ తేదీ ఆదివారమున కార్క్‌లో సెయింట్ ఫిన్‌బార్ శ్మశానములో, మాక్‌కర్టెన్ సమాధి ప్రక్కనే మాక్‌స్వీనీని ఖననము చేసినారు. ఏడు నెలల ఎడబాటు తరువాత మిత్రులిద్దరును మరల ఒక్కచోట చేరినారు.

ఆరు వారములు గడచినవో లేదో, డిసెంబరు 11వ తేదీ రాత్రి ప్రభుత్వ దళములు కార్క్ నగర మధ్యభాగమునకు నిప్పు పెట్టినవి. మేయరు పట్టుబడిన నగరపాలక భవనము కాలి బూడిదయైనది. అయినను మరుసటి సంవత్సరము జూలైలో యుద్ధ విరామము, డిసెంబరులో సంధి జరిగినవి. ఆ సంధి జాతిని రెండుగా చీల్చినది. సమాధి యొద్ద శ్రద్ధాంజలి ఘటించిన గ్రిఫిత్ సంధిపై సంతకము చేసినాడు. మేరీ మాక్‌స్వీనీ శాసనసభలో గంటల తరబడి దానిని ఖండించినది. తమ్ముడు ప్రాణమిచ్చినది పూర్ణ స్వాతంత్ర్యమునకేగాని సామంత రాజ్యమునకు కాదని ఆమె వాదము. బ్రదికియున్నచో ఆయన ఎటు నిలిచియుండెడివాడో నిశ్చయముగా చెప్పుట ఎవరి తరమును కాదు. ఇంటివారు మాత్రము సంధిని అంగీకరింపలేదు.

ఆ ఇంటిని తరువాత శోకము వదలలేదు. మ్యూరియల్ ఐర్లండు విడిచి ఐరోపాలో కాలము గడపినది. కుమార్తె మారే జర్మనీలో పెరిగినది. 1932లో ఐర్లండుకు వచ్చి మేనత్త మేరీ యొద్ద నిలిచినది. బిడ్డపై హక్కు ఎవరిదను వివాదము తల్లికిని మేనత్తకును మధ్య తెగని వైరమై మిగిలినది. వీరుని విగ్రహమునకు పూలదండలు వేయు జనులు ఈ భాగమును తలచుట అరుదు. త్యాగము చేసినవాడు ఒక్కడే. దాని వెల చెల్లించినవారు పలువురు.

సముద్రముల కావల

బ్రిక్స్‌టన్‌లో ఆరిన దీపపు వెలుగు మన దేశము వరకును వచ్చినది. 1929లో లాహోరు కుట్ర కేసు ఖైదీలు జైలులో రాజకీయ ఖైదీల మర్యాద కొరకు ఉపవాసము పూనినప్పుడు, వంగదేశ యువకుడు జతీంద్రనాథ్ దాస్ 63 దినములు నిరాహారియై సెప్టెంబరు 13వ తేదీన అసువులు బాసినాడు. లాహోరునుండి కలకత్తా వరకు రైలు స్టేషనులలో జనులు గుమికూడి ఆ శవపేటికకు మ్రొక్కినారు. ఆ సమయమున మాక్‌స్వీనీ కుటుంబమువారు ఐర్లండునుండి తంతి పంపి, భారత దేశపు దుఃఖమును, గర్వమును తామును పంచుకొన్నారు. ఒక ఇంటి దుఃఖము ఎరిగిన ఇల్లు వేరొక ఇంటిని పలుకరించుట అది. మధ్యనున్న వేల మైళ్ల సముద్రము దానికి అడ్డు కాలేదు.

కార్క్ నగరపాలక భవనమును మరల కట్టి 1936లో తెరచినారు. ఆ భవనము ఎదుట మాక్‌కర్టెన్, మాక్‌స్వీనీల విగ్రహములు నేడు కలవు. ఇద్దరు మేయర్లును కలిసి ఆ పదవిలో ఉన్నది తొమ్మిది నెలలైనను నిండలేదు. వారు కట్టించిన వంతెనలు లేవు, వేయించిన రహదారులు లేవు. కాని ఓర్పే జయించునని ఒక ఎన్నిక సభలో పలికిన మాటకు, చప్పట్లు సద్దుమణగిన చాల దినముల పిమ్మట, ఎవ్వరును చూడని గదిలో, ఒంటరిగా విలువ చెల్లించినవాడు మాక్‌స్వీనీ. పదవిలో నున్నవారు మాటలు చెప్పుట లోకములో సాధారణము. చెప్పిన మాటను చివరి పైకము వరకు చెల్లించినవారు అరుదు. ఆ అరుదైన లెక్కలోనివాడు గనుకనే, ఒకప్పటి ఈ గుమాస్తా ఖాతా చరిత్రలో నేటికిని మూయబడలేదు.